ఎనభై శాతం వేగంతో ఎక్కిన కొండ

ఈ సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో రెండు వీడియో గేములు పూర్తయ్యాయి. మా తమ్ముడు 'సెకిరో' ముగించాడు. జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2019లో తెచ్చిన కత్తియుద్ధాల ఆట అది. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ బహుమతి దానికే వచ్చింది. కష్టం తగ్గించుకునే సెట్టింగ్ మాత్రం అందులో ఒక్కటీ లేదు.

మా ఆవిడ 'సెలెస్ట్' ముగించింది. 2018లో వచ్చిన చిన్న ఆట. మ్యాడలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కాలి. గెంతడం, గోడ పట్టుకుని పాకడం, గాల్లో ఒక్కసారి దూసుకెళ్లడం, మన చేతిలో ఉన్నవి ఇవే. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ గది గదికీ ముళ్లే. అయితే ఇందులో అసిస్ట్ మోడ్ అని ఒకటుంది. ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు, గోడ పట్టుకున్నప్పుడు అలసట రాకుండా చేసుకోవచ్చు, అసలు చావే లేకుండా కూడా చేసుకోవచ్చు. ఆవిడ చివరి అధ్యాయాన్ని ఎనభై శాతం వేగంతో ఆడింది. ఆ సంగతి తమ్ముడి చెవిన పడింది.

తర్వాత జరిగింది ఇది. నేను మధ్యలో మాట్లాడలేదు, మాట్లాడనివ్వలేదు. రెండు ఆటల్లోని మలుపులూ బయటపడతాయి, ఆడబోయేవాళ్లు చూసుకోండి.

మరిది: తప్పుగా అనుకోకండి వదినా. వేగం తగ్గించి ఆడి, 'పూర్తిచేసింది' అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం న్యాయమేనా?

వదిన: పెట్టింది మీ అన్నయ్య. అయినా పెడితే తప్పేంటి? కొండ కొసదాకా ఎక్కాను, చివర్లో పేర్లు పడ్డాయి. ఇంకేం కావాలి నీకు, తహసీల్దారు సంతకమా?

మరిది: ఎక్కింది మీరా, ఆ సెట్టింగా అని అడుగుతున్నా. నా సంగతే చెప్తాను. అషినా కోట మీద గెనిచిరో అని ఒకడుంటాడు. వాడి దగ్గరికి చేరేదాకా నేను ఆడింది దొంగాట. దూరంగా పరిగెత్తడం, సందు దొరికితే ఒక వేటు వెయ్యడం, మళ్లీ పరుగు. వాడి ముందు అది చెల్లదు. వెనక్కి జరిగితే బాణం వేస్తాడు. గాయం మాన్పుకుందామని మందు సొరకాయబుర్ర ఎత్తితే, సరిగ్గా అప్పుడే ఇంకో బాణం. ఆ ఆటలో ప్రాణం గీత కాకుండా పోశ్చర్ అని ఇంకో గీత ఉంటుంది. ఎదుటివాడి కత్తి మన మీద పడే క్షణానికి సరిగ్గా బటన్ నొక్కితే వాడి నిలకడ చెదురుతుంది, ఆ గీత నిండితే ఒక్క పోటుతో పని అయిపోతుంది. మనం దూరం జరిగితే మాత్రం వాడు మెల్లగా కుదుటపడతాడు. అంటే పారిపోయేకొద్దీ చేసిందంతా బూడిదలో పోసినట్టే. నిలబడి తీరాలి. ఓడీ ఓడీ ఒక రాత్రి ఆ చప్పుడు చెవికి పట్టేసింది. సరిగ్గా కాచుకుంటే కత్తి ఒకలా మోగుతుంది, కాస్త తొందరపడితే ఇంకోలా మోగుతుంది. అక్కడి నుంచి చేతులు వాటంతటవే కదిలాయి. వేగం తగ్గించే బటన్ గనక ఉండుంటే ఆ రాత్రి కచ్చితంగా నొక్కేసేవాణ్ణి.

వదిన: నొక్కితే ఏమయ్యేది?

మరిది: గెలిచేవాణ్ణి. ఆ చప్పుడు మాత్రం నా చెవికి పట్టేది కాదు.

(ఇది బాగా చెప్పాడు. ఆ రాత్రి పక్కగదిలో పడుకున్నవాణ్ణి నేను. ఆ చప్పుడు నా చెవికీ పట్టింది.)

వదిన: బాగుంది. బటన్ కనబడితే నువ్వు ఆగలేవు, ఒప్పుకున్నావు. నీకు నిగ్రహం లేదని నాకు బటన్ లేకుండా చేస్తారా?

మరిది: నిగ్రహం ఎవరికీ ఉండదు వదినా, రాత్రి రెండు గంటలకి అస్సలు ఉండదు. అందుకే ఆ ఆట తీసిన మియాజాకి ఎప్పుడో చెప్పాడు, ఆడేవాళ్లందరూ ఒకే మెట్టు మీద నిలబడి మాట్లాడుకోవాలి కాబట్టి ఈజీ, హార్డ్ అని విడగొట్టేది లేదని. మా ఆఫీసులో కొత్తగా చేరినతను సెకిరో పూర్తిచేశాడని తెలిసింది. నేను 'గెనిచిరో' అన్నాను. అతను తల పట్టుకున్నాడు. అంతే, ఇంకో మాట అక్కర్లేకపోయింది. ఎవరికి కావలసినంత కష్టం వాళ్లు పెట్టుకుంటే ఆ ముచ్చట ఉంటుందా?

వదిన: ముచ్చటే, కాదనను. కానీ అందరికీ ఒకే కష్టం అన్నావు చూడు, అక్కడ నాకు అభ్యంతరం. నీ వయసెంత? ఇంటికొచ్చాక నీకు పనేముంది? నేను ఆడేది చిన్నది పడుకున్నాక. అది పుట్టినప్పటి నుంచీ కుడిచేతి బొటనవేలి దగ్గర నరం పట్టేస్తోంది. గాల్లో దూసుకెళ్లే డాష్ నొక్కి, అదే చేత్తో వెంటనే జంప్ నొక్కాలంటే ప్రాణం పోతుంది. తెర మీద ఒకే కొండ. ఎక్కే చేతులు ఒకటి కాదు కదా.

మరిది: అయ్యో, నొప్పి ఉన్నవాళ్ల సంగతి వేరు వదినా. దానికి నేనెప్పుడూ...

వదిన: ఆగు. జాలి పడి మినహాయింపు ఇవ్వకు. నొప్పి లేకపోయినా వాడేదాన్నే. సర్టిఫికెట్ చూపించిన వాళ్లకే అసిస్ట్ మోడ్ ఇస్తామంటే అది పింఛను లైను అవుతుంది. ఎవరైనా, ఏ కారణంతోనైనా వాడుకోనీ.

మరిది: సరే, అయితే జాలి లేకుండానే మాట్లాడతాను. మీ ఆట కథ ఏంటి? ఆ అమ్మాయికి ఆందోళన, తన మీద తనకే నమ్మకం లేదు. కొండ కష్టం కాబట్టే ఎక్కడానికి ఓ అర్థం ఉంది. చావు లేకుండా చేసుకుని ముళ్ల మీద నడిచిపోతూ ఉంటే, ఆ అమ్మాయి 'నా వల్ల కావట్లేదు' అని ఏడ్చినప్పుడు మీకేం అనిపిస్తుంది? కథ ఒకటి చెప్తుంది, చేతులు ఇంకోటి చేస్తాయి. ఇంకోటి కూడా గుర్తుచేస్తా. సెలెస్ట్ తీసినవాళ్లే మొదట్లో ఆ అసిస్ట్ మోడ్ తెర మీద ఏం రాశారు? కష్టం ఈ అనుభవంలో తప్పనిసరి భాగమని మేం నమ్ముతున్నాం, తొలిసారి మామూలుగానే ఆడండి అని రాశారు. నా మాటే వాళ్లూ అన్నారు.

వదిన: అన్నారు. తర్వాత ఆ వాక్యం తీసేశారు, అది చెప్పవేం? అది చదివితే ఈ మోడ్ అవసరమైనవాళ్లకి తాము ఆడుతున్నది అసలు ఆట కాదేమో అనిపిస్తోందని చెప్తే, విని మార్చారు. సాక్షిని పిలిస్తే చివరిదాకా మాట్లాడనివ్వాలి.

(ఇక్కడ తమ్ముడు కాసేపు ఫోను చూసుకున్నాడు. చూసి జేబులో పెట్టుకున్నాడు.)

వదిన: ఇక ఏడుపు సంగతి. నాలుగో అధ్యాయంలో రోప్‌వే పెట్టె మధ్యలో ఆగిపోతుంది. కింద లోయ, మ్యాడలిన్‌కి ఊపిరాడదు. పక్కనున్న థియో ఒక చిట్కా చెప్తాడు, ఒక ఈక గాల్లో తేలుతున్నట్టు ఊహించుకో, దాన్ని పడనివ్వకు అని. తెర మీద ఒక చిన్న చట్రం, అందులో ఈక. బటన్ నొక్కితే లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఊపిరి లెక్కలో నొక్కాలి. దానికి స్కోరు లేదు, ఓడించాల్సిన పెద్ద శత్రువు, అదే బాస్, లేడు. కాసేపటికి నేను కూడా దాంతోపాటే ఊపిరి తీస్తున్నాను. అది నీకు కష్టమైన ఆటలా ఉందా?

మరిది: లేదు. కానీ అది ఒక్క సీను.

వదిన: ఒక్క సీను కాదు. ఆరో అధ్యాయంలో ఆ ఈక మళ్లీ వస్తుంది, ఈసారి పనిచెయ్యదు. తన లోపలి భయమే ఇంకో మ్యాడలిన్‌లా ఎదురుగా నిలబడి తనను కిందికి పడేస్తుంది. చివరికి దాంతో పోరాడటం మానేసి చెయ్యి కలుపుతుంది. కలిపాక ఏమవుతుందో తెలుసా? గాల్లో దూసుకెళ్లడం ఒకసారి కాదు, రెండుసార్లు వస్తుంది. సాయం తీసుకుంటే బలం పెరుగుతుందని కథే చెప్తోంది. ఏడో అధ్యాయం అంతా ఆ బలంతోనే ఎక్కాలి. అక్కడ నేను వేగం కాస్త తగ్గిస్తే కథకి ఎదురు తిరిగినట్టా?

మరిది: కథలో వచ్చే సాయం వేరు వదినా. దాన్ని ఆ అమ్మాయి సంపాదించుకుంది. మీరు మెనూలోకి వెళ్లి తెచ్చుకున్నారు.

వదిన: మెనూలో లేని సాయం కూడా నువ్వు తీసుకున్నావు, నీకు తెలీదు. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లాక కూడా కొన్ని ఫ్రేముల దాకా జంప్ నొక్కితే సెలెస్ట్ ఒప్పుకుంటుంది. దాన్ని కయోటీ టైమ్ అంటారు. తల ఒక మూలకి కొట్టుకుంటే మెల్లగా పక్కకి జరిపి పైకి పోనిస్తుంది. ఇలాంటివి చాలా పెట్టామని ఆట తీసిన మ్యాడీ థోర్సన్ బయటికే వివరంగా రాశారు. పోయినేడు నువ్వు నా లాప్‌టాప్‌లో మొదటి అధ్యాయం ఆడి 'కంట్రోల్స్ ఎంత బాగున్నాయో' అన్నావే, ఆ బాగుండటం ఇదే.

మరిది: అవి అందరికీ ఒకేలా ఉన్నాయి కదా! నా పాయింటే అది. ఆట ఎంత జాలి చూపిస్తే అంత చూపించనీ, కానీ అందరికీ సమానంగా. సెకిరోలో కోతి ఉంటుంది, గార్డియన్ ఏప్. దాన్ని చంపుతాం, తల తెగి పడుతుంది, చంపేశావని తెర నిండా అక్షరాలు కూడా పడతాయి. కంట్రోలర్ పక్కన పెట్టి నీళ్లు తాగుతున్నా. ఆ మొండెం లేచింది. తెగిన తల ఒక చేత్తో, కత్తి ఇంకో చేత్తో. నా సొరకాయబుర్ర ఖాళీ. ఆ క్షణంలో వచ్చిన టెన్షన్ ఏ సినిమాలోనూ రాలేదు నాకు. బుర్ర ఖాళీగా ఉండబట్టే ఆ భయం. చావు లేకుండా ఆడేవాడికి అక్కడ కోతి లేచినా ఒకటే, లేవకపోయినా ఒకటే.

వదిన: సగం ఒప్పుకుంటాను. చావు లేకుండా ఆడితే ఆ భయం పలచబడుతుంది, నిజమే. కానీ వేగం తగ్గించి ఆడినవాడి బుర్ర కూడా ఖాళీ అవుతుంది. ఎనభై శాతంలో నేను చావలేదనుకుంటున్నావా? శిఖరం ముందు ముప్పై నుంచి తగ్గుతూ వచ్చే అంకెలున్న జెండాలు వస్తాయి. పది దాటాక ఒక్కో జెండా దగ్గర ఎన్నిసార్లు పోయానో లెక్క పెట్టడం మానేశాను, ఆటే లెక్కపెట్టుకుంది. నువ్వు సాయం మొత్తాన్ని ఒకే గాటన కడుతున్నావు. హేడిస్ అనే ఆట చూడు, 2020లో వచ్చింది. అందులో గాడ్ మోడ్ పెట్టుకుంటే చచ్చిన ప్రతిసారీ దెబ్బ రెండు శాతం తక్కువ తగులుతుంది. ఓడినవాడికి ఓడిన కొద్దీ కాస్త ఊతం. అలాంటివి సెకిరోలో ఉంటే ఏం పోయేది?

మరిది: ఉంటే సెకిరో అయ్యేది కాదు.

వదిన: ఇంత నమ్మకంగా అంటున్నావు కాబట్టి అడుగుతున్నా. మీ సెకిరోలో కష్టం పెంచుకునే వీలుందా, లేదా?

మరిది: ఉంది. సెంపో గుడి దారిలో ఒక గంట ఉంటుంది, కొడితే శత్రువులు బలపడతారు, బదులుగా వస్తువులు ఎక్కువ దొరుకుతాయి.

వదిన: ఇంకోటి కూడా ఉందట, మొన్న నువ్వే మీ అన్నయ్యకి చెప్తుంటే విన్నాను. ఏదో తాయెత్తు.

మరిది: కథలో మనం కాపాడే కుర్రాడు కురో ఇచ్చిన తాయెత్తు. ఒకసారి ఆట పూర్తయి రెండోసారి మొదలుపెట్టేటప్పుడు అది అతనికి తిరిగిచ్చెయ్యొచ్చు. ఇచ్చేస్తే కత్తి అడ్డం పెట్టినా కొంచెం ప్రాణం పోతుంది. సరిగ్గా ఆ క్షణానికి కాచుకుంటేనే ఏం పోదు.

వదిన: అంటే మొదటిసారి?

మరిది: మొదటిసారి అది మన దగ్గరే ఉంటుంది.

వదిన: అంటే నువ్వు గెనిచిరోని గెలిచింది తాయెత్తు కట్టుకుని.

(నేను నవ్వకుండా ఉండటానికి వంటింట్లోకి వెళ్లొచ్చాను.)

మరిది: అది... అందరికీ కడతారు వదినా. వద్దన్నా కడతారు.

వదిన: వద్దన్నా కట్టిన సాయం గౌరవం, అడిగి తీసుకున్న సాయం అవమానం. ఇదేం లెక్క? 2019లో మీ సెకిరో ఆఖరి బాస్‌నే ఒకాయన ఆటలో లేని మార్పు బయటి నుంచి తెచ్చి పెట్టి, వేగం తగ్గించి గెలిచి, నాకేం సిగ్గు లేదని ఓ గేమింగ్ పత్రికలో రాశాడు. నువ్వు మోసం చేసింది ఆటని మాత్రమే కాదు, నిన్ను నువ్వు కూడా అని ఎవడో ట్వీట్ చేస్తే, అది లోకమంతా జోకై కూర్చుంది. ఆ ట్వీట్ చేసినవాడికీ తాయెత్తు ఉండే ఉంటుంది.

మరిది: జోకులు ఎన్నైనా వెయ్యండి. వచ్చే వారం తాయెత్తు ఇచ్చేసి మళ్లీ ఆడతాను. అయినా నా మాట మారదు. తీసినవాడు ఇదీ నా ఆట అని ఒక రూపం ఇచ్చాడు. సెలెస్ట్ వాళ్లు సాయంతో సహా ఇచ్చారు, బాగుంది, మీరు వాడుకున్నారు, మీరు పూర్తిచేసినట్టే. ఇదిగో ఒప్పుకుంటున్నా. మియాజాకి లేకుండా ఇచ్చాడు. అది అతని ఇష్టం. ప్రతి ఆటా ప్రతి ఒక్కరికీ సరిపోవాలని రూలేం లేదుగా.

వదిన: నన్ను పూర్తిచేసినదానిగా ఒప్పుకున్నావు, చాలు. రెండోదానికి నేనొప్పుకోను. ఆయన ఇష్టం ఆయనదే, అడిగే హక్కు నాది. సరే, ఇంత చెప్పావు, ఆ కంట్రోలర్ ఇలా ఇయ్యి. చిన్నది లేస్తే ఆపడానికి పాజ్ ఉందా?

మరిది: ఉంది. ఆడండి. గెనిచిరో మీకు మొదటి గంటలోనే ఎదురవుతాడు.

వదిన: అప్పుడే? ఏం నేర్చుకోకముందే?

మరిది: కథలో అంతే. అక్కడ ఓడిపోవాలి. మీ ఎడమచెయ్యి నరికేస్తాడు.

వదిన: పోనీ గెలిస్తే?

మరిది: గెలిచినా నరికేస్తాడు.

వదిన: గెలిచినా నరుకుతాడా! మరి ఇందాకటి నుంచీ న్యాయం, న్యాయం అన్నదెవరు?