సవరణ: పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ గురించి

మొన్న అమ్మ పై ముందు పన్ను గురించి, దాని చోట ఎముకలో స్క్రూ బిగించి పెట్టే కృత్రిమ పన్ను (ఇంప్లాంట్) గురించి రాస్తూ, "తీసిన రోజే ఇంప్లాంట్ వేయిస్తే ఎముక కరగదు" అన్నాను. అది తప్పు, క్షమించండి. నిన్న గుంటూరులో డాక్టరుగారు స్కాన్ చూపించి విడమరిచి చెప్పారు. పెదవి వైపు ఎముక కాగితంలా ఉంది. చాలామందికి అక్కడ 1 మిల్లీమీటరు కూడా ఉండదట. పన్ను తీశాక అది ఎంతో కొంత కరుగుతుంది, ఇంప్లాంట్ దాన్ని ఆపలేదు. అందుకే స్క్రూను కాస్త అంగిలి వైపుకు బిగించి, ముందు మిగిలిన సందులో బోన్ గ్రాఫ్ట్ (ఎముక పొడి లాంటి పదార్థం) నింపుతారు. అదే రోజు పన్ను పెట్టినా అది తాత్కాలికమే, కింది పళ్లకు తగలనివ్వరు. అసలు క్యాప్ కొన్ని నెలల తర్వాతే. నా మాట నమ్మి బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో అపాయింట్‌మెంట్ తీసుకున్నవాళ్లు ఉంటే, పన్ను తీయించుకునే ముందే సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను త్రీడీలో చూపించే ఎక్స్‌రే స్కాన్) గురించి అడగండి.