కెర్నల్‌లో మెమరీ దొరకనప్పుడు: ఎవరూ నడవని దారి

మాదాపూర్‌లో ఇంటర్వ్యూలకు కూర్చున్నప్పుడల్లా ఒక ప్రశ్న అడుగుతాను. ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నల్‌లో మెమరీ అడిగే కేమాలక్ ఫంక్షన్ నల్ ఇస్తే, అంటే మెమరీ లేదంటే, ఏం చేస్తారు? "మైనస్ ఈనోమెమ్ రిటర్న్ చేస్తాం సార్" అని, అంటే మెమరీ లేదనే ఎర్రర్ కోడ్ వెనక్కిస్తామని, టక్కున చెబుతారు. సరైన జవాబే. మీరు రాసిన ఆ లైను బోర్డు మీద ఒక్కసారైనా నడిచిందా అంటే మాత్రం మాట రాదు.

ఆ కుర్రాళ్లను తప్పుపట్టలేం. లినక్స్ తీరే అంత. ఆగి ఎదురుచూసే వీలున్న చోట మెమరీ అడిగితే కెర్నల్ వెంటనే లేదనదు. క్యాష్‌లోని పేజీలు ఖాళీ చేస్తుంది, కొన్నింటిని డిస్క్ మీది స్వాప్‌కు పంపుతుంది. అదీ చాలకపోతే, మెమరీ అయిపోయినప్పుడు రంగంలోకి దిగే ఓఓఎం కిల్లర్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. 8 పేజీల వరకు, అంటే 4 కేబీ పేజీల లెక్కన 32 కేబీ వరకు, అడిగినవాళ్లను వట్టి చేతులతో పంపడం చాలా అరుదు. ఈ అలవాటు మీద 2014 చివర్లో కెర్నల్ డెవలపర్ల మధ్య పెద్ద చర్చే నడిచింది. చిక్కు ఇదీ: ఫైల్‌సిస్టమ్ ఒక లాక్ పట్టుకుని మెమరీ కోసం ఆగుతుంది. చంపడానికి ఎంచుకున్న ప్రాసెస్ అదే లాక్ కోసం ఆగుతుంది. ఇక ఎవరూ కదలరు.

అరుదు అంటే అసలు జరగదని కాదు. హార్డ్‌వేర్ పిలుపుకు వెంటనే స్పందించే ఇంటరప్ట్‌లో ఉన్న కోడ్ ఆగలేదు కాబట్టి అక్కడ నల్ మామూలే. పెద్ద ముక్క అడిగినా అంతే.

పెద్ద ముక్క సంగతి మాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట మా టీమ్ రాసిన ఒక డ్రైవర్‌లో ఓపెన్ ఫంక్షన్ మూడుసార్లు మెమరీ అడిగేది: ఒక స్ట్రక్చర్, 64 కేబీ బఫర్, ఒక క్యూ. రోజుల తరబడి నడిచిన డివైస్‌లో మెమరీ ఖాళీగానే ఉంది, కానీ ముక్కలు ముక్కలుగా. మెట్రోలో అక్కడొకటి ఇక్కడొకటి సీట్లున్నా కుటుంబమంతటికీ పక్కపక్కన దొరకనట్టు, వరుసగా 16 పేజీలు దొరకలేదు. బఫర్ ఫెయిలైంది. అక్కడ, అప్పటిదాకా తెచ్చుకున్నవాటిని తిరిగిచ్చే చోటికి దూకాల్సిన గోటో ఒక మెట్టు పైనున్న లేబుల్‌కు దూకి, ఇంకా అడగనే అడగని క్యూను విడుదల చేయబోయింది. ఆ పాయింటర్ నల్ అయి ఉంటే మెమరీని విడుదల చేసే కేఫ్రీ ఊరుకునేది. కానీ స్ట్రక్చర్‌ను సున్నాలతో నింపి ఇచ్చే కేజాలక్‌తో కాక కేమాలక్‌తో తెచ్చాం, అందులో పాత చెత్త ఉంది. కెర్నల్ పడిపోయింది. రివ్యూలో నలుగురం చూసిన కోడే అది.

దీనికి మందు కెర్నల్‌లోనే ఉంది. ఫాల్ట్ ఇంజెక్షన్ ఆన్ చేస్తే ఫెయిల్‌స్లాబ్ చిన్న కేటాయింపులను, ఫెయిల్ పేజ్ అలాక్ పేజీలను కావాలనే ఫెయిల్ చేస్తాయి. కెర్నల్ తన సంగతులు చూపే ప్రోక్ డైరెక్టరీలో ఫెయిల్ ఎన్‌త్ అనే ఫైల్ ఉంది. అందులో 1 రాస్తే మొదటి కేటాయింపు, 2 రాస్తే రెండోది ఫెయిలవుతుంది. అలా అంకె పెంచుకుంటూ పోతే ప్రతి ఎర్రర్ దారీ నడుస్తుంది. మెమరీ తప్పులు పట్టే కేసాన్ కూడా ఆన్‌లో ఉంటే విడుదలైన మెమరీని ముట్టుకున్న చోటు కూడా బయటపడుతుంది. ఇంత సదుపాయం చేతిలో ఉండగా వాడకుండా డ్రైవర్‌ను రిలీజ్ చేయడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యం.

ఫెయిల్ కావద్దని నోఫెయిల్ ఫ్లాగ్ పెట్టేద్దామనేవాళ్లున్నారు. వెనక్కి తిరగలేని ఫైల్‌సిస్టమ్ కోడ్‌కు అది అవసరం కావచ్చు. డ్రైవర్‌కు ఎందుకు? యూజర్‌కు ఎర్రర్ ఇచ్చి తప్పుకుంటే సరిపోతుంది. రస్ట్ భాష వచ్చాక ఈ తలనొప్పి పోతుందనీ అంటారు. మెమరీ దొరకకపోతే ప్యానిక్ అయ్యే, అంటే అక్కడికక్కడే ఆగిపోయే, కోడ్ కెర్నల్‌లో కుదరదని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2021లోనే తేల్చి చెప్పారు. 2022 డిసెంబర్‌లో లినక్స్ 6.1తో వచ్చిన రస్ట్‌లోనూ కేటాయింపు ఫెయిలైతే ఏం చేయాలో రాసేవాడే తేల్చుకోవాలి.

అమీర్‌పేటలో ఆదివారాలు డ్రైవర్ క్లాసు చెబుతాను. క్యారెక్టర్ డ్రైవర్ నడిచి "హలో" ప్రింటయితే ల్యాబ్ అయిపోయినట్టు ఉండేది ఇదివరకు. ఇప్పుడు ఆ తర్వాత ఇంకో గంట ఉంచుతున్నాను. ఫెయిల్ ఎన్‌త్‌లో 1 రాస్తారు, 2 రాస్తారు, స్క్రీన్ మీద ఊప్స్, అంటే కెర్నల్ తప్పు దొరికిందనే సందేశం, పడుతుంది. అప్పుడు వాళ్ల గోటో లేబుళ్లను కాగితం మీద కింద నుంచి పైకి గీయిస్తాను.