ఈ ‘ఏడు నిజాలు’ ఇక నాకు పంపకండి

పదిహేను రోజుల్లో ఒకే సందేశం నాకు తొమ్మిదిసార్లు వచ్చింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు, పదో తరగతి స్నేహితుల గ్రూపులో మూడుసార్లు, పక్క కొట్టు గుమస్తా ఒకసారి, పెదకాకానిలో ఉండే పిన్ని ఒకసారి, మా వదిన రెండుసార్లు. మొదటిది నేను చూశానో లేదోనని వదిన మళ్లీ పంపారట. చూశాను వదినా. తొమ్మిదీ చూశాను.

చూడనివారి కోసం చెబుతున్నాను. ‘ఒళ్లు నొప్పులు, పీడకలలు: డాక్టర్లు దాచిన ఏడు నిజాలు’ అని పైన ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. కింద పది మందికి పంపితే ఒక ప్రాణం కాపాడినట్టే అని ఉంటుంది. మధ్యలో ఉన్న ఏడూ ఇవి: ఏళ్ల తరబడి ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బే లేదు, ఉత్తరం వైపు తల పెట్టుకుంటే పీడకలలు వస్తాయి, రాత్రి పెరుగు, వంకాయ తింటే వస్తాయి, నిద్రలో కేకలు వేసేవారు మనసులో ఏదో దాచుకున్నారని అర్థం కాబట్టి వెంటనే కుదిపి లేపి, ముఖాన నీళ్లు కొట్టి ఏం చూశావని అడగాలి, మాత్రలే కలలు తెప్పిస్తాయి కాబట్టి వాడుతున్నవన్నీ ఈ రాత్రే ఆపేయాలి, దిండు కింద కత్తి పెట్టుకోవాలి, పొద్దున్నే ఎండలో నడవాలి.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకు లెక్కలు రాస్తాను. ఈ ఫైబ్రోమయాల్జియా నాకు ఆరేళ్లుగా ఉంది. సీజన్‌లో మిర్చి ఘాటుకు యార్డంతా తుమ్ముతుంది. అందరూ తుమ్మి ముక్కు తుడుచుకుని పనిలో పడతారు. నేను తుమ్మితే పక్కటెముకల నుంచి నడుము దాకా పట్టేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడాల్సి వస్తుంది. రాత్రుళ్లు కేకలు, పీడకలల గొడవ మొదలై నాలుగేళ్లయింది.

మొదటి ‘నిజం’ చూద్దాం. పరీక్షలన్నీ బాగానే వస్తాయి కాబట్టి జబ్బు లేదట, మాత్రలు అమ్ముకోవడానికి కంపెనీలు కల్పించాయట. ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు మామూలుగా ఉండటం ఈ జబ్బులో మామూలే. పార్శ్వనొప్పికి మాత్రం రక్తపరీక్ష ఉందా? 1990లో అమెరికాలోని కీళ్ల జబ్బుల (రుమటాలజీ) వైద్యులు ఒంటి మీద 18 చోట్లు గుర్తించి, నొక్కితే 11 చోట్ల నొప్పి పుట్టాలని లెక్క పెట్టారు. అది చాలదని తెలిసి 2010లో కొత్త కొలతలు పెట్టారు. నిద్ర లేచాక ఒళ్లు సేదదీరిందా లేదా అన్నది అందులో ఒక ప్రశ్న. ఈ జబ్బుకని అమెరికాలో మొదటి మందుకు అనుమతి వచ్చింది 2007లో. మాత్ర అమ్ముకోవడానికి జబ్బును కల్పించినవారు పదిహేడేళ్లు ముందే కల్పించి ఓపికగా కూర్చున్నారన్నమాట. 2021లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ వారు ఈ రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే, ఎలుకలు చిన్న ఒత్తిడికీ చలికీ విలవిల్లాడాయి. అంతటితో కారణం తేలిపోయిందని నేననను. కానీ ఆ ఎలుకలకు ఇంటి పని ఎగ్గొట్టాల్సిన అవసరమైతే లేదు.

‘మన అమ్మమ్మలు రోలు రుబ్బారు, వాళ్లకు నొప్పులున్నాయా?’ అని ఒక ముక్తాయింపు కూడా ఉంది. ఉన్నాయి. మా నాయనమ్మ సాయంత్రమైతే బోర్లా పడుకుని మమ్మల్ని వీపు మీదికి ఎక్కించి తొక్కించుకునేది. ‘సలుపే, సలుపు’ అనేది. దానికి పేరు లేదు, అంతే.

ఉత్తరం సంగతి. భూమి అయస్కాంతం రక్తంలోని ఇనుమును లాగుతుందట. రెండేళ్ల క్రితం నా వెన్నుకు ఎంఆర్ఐ తీశారు. అందులో ఉండే అయస్కాంతం భూమి కంటే 30 వేల రెట్లకు పైగా బలమైనది. అరగంట తర్వాత రక్తమంతా నాతోనే బయటికి వచ్చింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. మా అత్తగారు పట్టుబట్టి నా మంచాన్ని ఉత్తరం నుంచి తూర్పుకు తిప్పించినప్పటి నుంచి నిద్ర కాస్త మెరుగైంది. వీధి దీపం ఇప్పుడు నా కళ్లలో పడటం లేదు.

పెరుగు, వంకాయ గురించి మాట్లాడి నా సమయం పాడుచేసుకోను.

ఇక నాలుగో నంబరు. ఇది రాసినవారికి రాత్రి కేక వేరు, పీడకల వేరు అని కూడా తెలియదు. మా ఇంట్లో మంచం పక్కన ఒక పుస్తకం ఉంటుంది. యార్డులో చిట్టా రాసే అలవాటు కొద్దీ ఇంట్లోనూ ఒకటి పెట్టాను. అందులో రెండు చేతిరాతలు ఉంటాయి. ‘11:50, కేక, లేచి కూర్చుంది, కళ్లు తెరిచే ఉన్నాయి, మూడు నిమిషాలు’ అన్న వరుసలు మా వారివి. ‘4:20, కల, కుడి భుజం’ అన్నవి నావి. కేకల వరుస ఒక్కటి కూడా నా రాతలో లేదు, ఎందుకంటే నాకు తెలియదు. పడుకున్న గంటా రెండు గంటల్లో, నిద్ర బాగా లోతుగా ఉన్నప్పుడు, మెదడులో ఒక భాగం మాత్రమే మేల్కొంటే వచ్చేది ఆ కేక. గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, తలుపు వైపు పరిగెత్తడమూ ఉంటుంది. తెల్లవారాక అడిగితే చాలామందికి ఏమీ గుర్తుండదు. పీడకల ఎక్కువగా తెల్లవారుజామున, రెమ్ నిద్ర అనే కలల నిద్రలో వస్తుంది. లేచాక పూసగుచ్చినట్టు గుర్తుంటుంది.

కాబట్టి కేక వేసిన మనిషిని ‘ఏం చూశావు, ఏం దాచావు’ అని అడగడం, మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేసిన మనిషిని లోపల ఏం జరిగిందని అడగడమే. ఈ నాలుగో నిజం మా ఇంట్లో ఒక రాత్రి అమలైంది. నేను కేక వేయగానే అత్తగారు చెంబుడు నీళ్లు ముఖాన కొట్టి భుజాలు పట్టుకుని కుదిపారు. నేను చేయి విసిరాను. ఆవిడ కళ్లజోడు గోడకు తగిలి ఒక అద్దం పగిలింది. పొద్దున లేచి, దిండు ఎందుకు తడిసిందని ఆవిడనే అడిగాను. ఆవిడ ఒక అద్దంలోంచి నన్ను చూశారు. ఇప్పటికీ ఆ చూపు తలచుకుంటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వస్తుంది.

అంతకంటే చెడ్డ సంగతి మరొకటి. ‘మనసులో దాచుకున్నది’ అన్న ముక్క చదివాక మా అంతస్తులో ఇద్దరు మా వారిని అదోలా చూడటం మొదలుపెట్టారు. లిఫ్టులో పలకరింపు తగ్గింది. పాపం ఆయన చేసేదల్లా చిన్న దీపం వేసి, బాల్కనీ తలుపుకు అడ్డంగా నిలబడి, నన్ను ముట్టుకోకుండా మెల్లగా పేరు పెట్టి పిలుస్తూ, నేను మళ్లీ పడుకున్నాక టైము రాసుకోవడం. చేయాల్సింది కూడా అంతే. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవారైతే స్లీప్ స్టడీ అనే నిద్ర పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే అది కూడా ఇలాంటి సగం మెలకువలకు కారణమవుతుంది. నిద్ర చాలకపోయినా, ఒళ్లు అలిసినా, కొన్ని మాత్రల వల్లా అంతే. నాలాంటి వాళ్లకు ఆ నిద్ర చాలకపోవడం ఎక్కడి నుంచి వస్తుందో 1975లోనే టొరంటోలో హార్వే మోల్డోఫ్‌స్కీ అనే వైద్యుడు చూపించారు. ఈ నొప్పులున్నవారి గాఢనిద్రలోకి మెలకువలో ఉండే మెదడు తరంగాలు చొరబడుతున్నాయని కనిపెట్టారు. తర్వాత ఏ జబ్బూ లేనివారి గాఢనిద్రను చప్పుళ్లతో చెడగొడితే, కొన్ని రాత్రులకే వాళ్లూ ఒళ్లు నొప్పులన్నారు. నొప్పి నిద్రను తింటుంది, తినబడిన నిద్ర నొప్పిని పెంచుతుంది. ఇందులో దాచుకున్న పాపానికి చోటెక్కడ?

కత్తి గురించి ఒక్క మాట. నిద్రలో లేచి పరిగెత్తే మనిషి దిండు కింద కత్తి పెట్టమని సలహా ఇచ్చిన మహానుభావుడికి ఒక నమస్కారం.

అసలు నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఐదో నంబరు. ‘ఇవి పిచ్చి మాత్రలు. ఈ రాత్రే ఆపండి. మొదటి వారం కలలు ఎక్కువవుతాయి, భయపడకండి, అది ఒంట్లోని విషం బయటికి పోవడం.’

ఎంత తెలివిగా రాశారో చూడండి. ఆపితే ఏ చెడు జరుగుతుందో దాన్నే మంచికి సాక్ష్యంగా ముందే రాసిపెట్టారు. ఇల్లు తగలబడుతుంటే ‘వెలుగు వస్తోంది చూశారా’ అన్నట్టుంది.

నాకెలా తెలుసంటే, నేను ఆపాను కాబట్టి. ఈ సందేశం పాత రూపంలో కిందటేడు కూడా తిరిగింది. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు. ఇంట్లోనే ఉంటాను కదా, చూద్దాం అనుకుని, మూడేళ్లుగా నొప్పికీ నిద్రకూ రాత్రిపూట వేసుకుంటున్న 25 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌నూ, ప్రెగాబలిన్‌నూ ఒకే రాత్రి మానేశాను. చదువుకున్నదాన్నే, డిగ్రీ కూడా ఉంది. మొదటి రాత్రి ఏమీ కాలేదు, గెలిచాననుకున్నాను. రెండో రాత్రి కునుకు లేదు, వాంతి వచ్చేట్టుంది, ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లంతా చెమట. నాలుగో రాత్రి చిట్టాలో నా రాత ఇలా ఉంది: 2:10, 3:25, 4:40, 5:30. నాలుగింటిలోనూ ఒకే కల. యార్డులో కాటా మీద నేను నిలబడి ఉంటాను. హమాలీలు నా భుజాల మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేరుస్తుంటారు. ఎవరో బరువు చదువుతుంటారు, నేను పుస్తకంలో రాయాలి, చేతులు టిక్కీల కింద ఉన్నాయి. మెలకువ వచ్చేసరికి కల పోయింది కానీ భుజాల మీది బరువు పోలేదు. ఆ నొప్పి నిజంగానే అక్కడ ఉంది. కల దాన్ని తీసుకుని తనకు తోచిన కథ అల్లుకుంది.

అమిట్రిప్టిలిన్ కలల నిద్రను అణిచి ఉంచుతుంది. హఠాత్తుగా తీసేస్తే, ఇన్నాళ్లూ బాకీ పడ్డ కలలన్నీ వడ్డీతో సహా వసూలుకు వస్తాయి. ప్రెగాబలిన్ మానడానికి కూడా కనీసం ఒక వారం పాటు మెల్లగా తగ్గించాలి. విషం బయటికి పోవడం కాదిది, మందు హఠాత్తుగా మానినందుకు ఒళ్లు చేసే గోల. ఇక ‘పిచ్చి మాత్ర’ అన్న మాట. దిగులు జబ్బుకు ఈ అమిట్రిప్టిలిన్‌నే 75, 150 మిల్లీగ్రాముల దాకా ఇస్తారు. నొప్పికీ నిద్రకూ మామూలుగా ఇచ్చేది 10, 25. పైగా, దిగులుకే వేసుకున్నా దానికి పిచ్చి అని పేరు పెట్టే హక్కు ఎవరిచ్చారు? ఆ మాటకు భయపడి మాత్రల పెట్టెను బియ్యం డబ్బాలో దాచుకునే ఆడవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

తొమ్మిదో రోజు కొత్తపేటలో మా డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. తిడతారనుకుని అన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన తిట్టలేదు, చిట్టా అడిగారు. పేజీలు తిప్పి, ఇంకేమైనా మాత్రలు వాడుతున్నావా అమ్మా అన్నారు. పార్శ్వనొప్పికి వేరే చోట రాసిచ్చిన ప్రొప్రనలాల్ వేసుకుంటున్నానని అప్పుడు గుర్తొచ్చింది. నా పీడకలలతో ఇంత సంబంధం ఉన్న మాత్ర సంగతి ఆయనకు నేను ఏనాడూ చెప్పనే లేదు. ఆ మందు కొందరికి పీడకలలు తెప్పిస్తుంది. రాసిన డాక్టరుతో మాట్లాడి దాన్ని మెల్లగా తగ్గించి మార్పించారు. వారానికి నాలుగైదు కలలు వచ్చేవి ఒకటికి, రెండుకు దిగాయి.

కాబట్టి, పళ్లు కొరుక్కుంటూ ఒప్పుకుంటున్నాను: మాత్రల వల్ల కూడా కలలు రావచ్చన్న దాకా ఐదో నంబరు నిజమే. కొన్ని నిద్రమాత్రలు మనిషిని నిద్రలోనే నడిపిస్తాయి కూడా. అయితే నా కలలకు కారణమైన మాత్ర ఏదో సందేశానికి తెలియదు, నాకూ తెలియలేదు. అది తప్ప మిగతావన్నీ మానేసి కూర్చున్నాను నేను.

కాటా కలకు మందు కాని ఉపాయం కూడా ఒకటి నేర్పారు. మధ్యాహ్నం వేళ, కాఫీ తాగుతూ, ఆ కలను కాగితం మీద రాసి ముగింపు మార్చాలి. మార్చిన కలను రోజూ కాసేపు కళ్లు మూసుకుని చూసుకోవాలి. నా కొత్త ముగింపులో హమాలీలు టిక్కీలు ఒక్కొక్కటే దించి, చివరికి కాటా ముల్లు సున్నాకు వస్తుంది. మొదట్లో నవ్వుకున్నాను. కల ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. రెండుసార్లు ముల్లు సున్నా దాకా వచ్చింది.

ఏడో నంబరుతో నాకు పేచీ లేదు. 2017లో ఐరోపా వైద్యులు ఈ జబ్బుకు చేసిన సిఫారసుల్లో గట్టిగా చెప్పింది ఒక్కదాన్నే, వ్యాయామం. అయితే మొదటి రోజే ఐదు కిలోమీటర్లు నడిస్తే మూడు రోజులు మంచం దిగలేం. నేను పది నిమిషాలతో మొదలుపెట్టాను. బ్రాడీపేటలో ఒక లైను చివరిదాకా వెళ్లి రావడం, అంతే. ఇప్పుడు నాలుగు లైన్లయింది.

వదినా, రేపు ఐదున్నరకు గేటు దగ్గర ఉంటాను. ఫోను ఇంట్లో పెట్టి రండి. కత్తి వంటింట్లోకి తిరిగి వచ్చేసింది. ఈ రాత్రి దానితోనే వంకాయలు తరిగాను.