కీర మొసలి గారికి ఒక తల్లి విన్నపం

మహారాజశ్రీ కీర దోసకాయ మొసలి గారి సముఖానికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థిని తల్లి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరు క్షేమంగా ఉండే అవకాశం లేదని తెలుసు కాబట్టి అడగడం లేదు. పొద్దున్నే మీ నోరు నిలువునా చీల్చి, కేరట్ ముక్కలతో పళ్లు పెడతారు. లవంగాలతో కళ్లు గుచ్చుతారు. నీలం రంగు కలిపిన రవ్వ మీద పడుకోబెట్టి అదే నది అంటారు. మధ్యాహ్నానికి మీ నడుం వాలుతుంది, సాయంత్రానికి ఆయా మిమ్మల్ని చెత్తబుట్టలోకి ఒంపుతుంది. ఈ మధ్యలో ఎప్పుడో ఫస్ట్ ప్రైజు తీసుకుంటారు. సెప్టెంబరు వచ్చిందంటే మా బడి పోషకాహార పోటీలో ఫస్ట్ ప్రైజు మీదే. సెకండ్ ప్రైజు వంకాయ పెంగ్విన్‌ది. పుచ్చకాయ బుట్టకి కన్సొలేషన్.

ఒడిశాలో అసలు మొసలిని చూడాలంటే భితర్‌కనిక అభయారణ్యం లాంటి చోటికి పోవాలి. అక్కడి మొసలి ఎదురైనదాన్నల్లా తింటుందట. మిమ్మల్ని మాత్రం ఎదురైనవాళ్లెవరూ తినరు. పోషకాహారం గురించి పెట్టిన పోటీలో తినడానికి పనికిరానివారికే మొదటి బహుమతి ఎందుకొస్తుందన్నదే నా సందేహం. టీచరమ్మని అడిగితే బాగుండదు, ఎంత లేదన్నా అమ్మాయి మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి. అందుకని మీకే రాస్తున్నాను.

మీ వంశవృక్షం నాకు తెలుసు. సెప్టెంబరు 1 నుంచి 7 వరకు జాతీయ పోషకాహార వారోత్సవం 1982 నుంచీ ఉంది. అది చాలలేదని 2018లో కేంద్రం పోషకాహార పథకం పోషణ్ అభియాన్ మొదలైన ఏడాది నుంచి సెప్టెంబరు నెల మొత్తాన్ని పోషణ మాసం చేశారు. వారం నెలయింది, చార్టులు నాలుగింతలయ్యాయి. ఎన్ని కార్యక్రమాలు జరిగాయో, ఎంతమంది పాల్గొన్నారో ఎక్కించడానికి జన్ ఆందోళన్ డ్యాష్‌బోర్డు అని ఒకటి ఉంది. దానికి లెక్కలు కావాలి. సర్కారు పద్ధతి చూసి మా ప్రైవేటు బడికీ ఫొటోల మోజు పట్టుకుంది. పప్పన్నం తిన్న పిల్లాడికి ఫొటో తీస్తే ఏం కనిపిస్తుంది? మూతి తప్ప ఏమీ కనిపించదు. మీరైతే తోక దగ్గర్నుంచి పళ్ల దాకా ఫొటోకే పుట్టారు. టీచరమ్మల్ని నేనేమీ అనను. సాయంత్రం లోపల పాతిక ఫొటోలు పంపమంటే ఎవరైనా మొసలినే పిలుస్తారు.

ఇక డబ్బు సంగతి. కిందటేడు నేను మీ కోసం బజారుకెళ్లి పెట్టిన ఖర్చు పుస్తకంలో రాసుకున్నాను. కీర 15, కేరట్లు 15, టూత్‌పిక్‌లు 20, కళ్లకి లవంగాలు 10, నదికి రవ్వా రంగూ 20, ఒడ్డుకి థర్మకోల్ షీటు 30, అంచుకి బంగారు రిబ్బను 20. వెరసి 130 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు, ఒప్పుకుంటాను.

మా తోడికోడలు కొడుకు పక్క వీధిలో సర్కారు బడిలో చదువుతాడు. అక్కడ మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతి పిల్లాడికి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. అన్నీ కలిపి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు రావాలని రూలు. బియ్యం విడిగా వస్తుంది. మిగతా పప్పు, కూర, నూనె, ఉప్పు, పోపు, పొయ్యికింద మంట, అన్నిటికీ కలిపి 2025 మే నుంచి పిల్లాడికి పూటకి 6 రూపాయల 78 పైసలు. ఆరో తరగతి నుంచి 10 రూపాయల 17 పైసలు. ఈ అంకె విన్న దగ్గర్నుంచి నాకు ఏది చూసినా 6.78తో భాగించడం అలవాటైపోయింది. మీ 130ని భాగించాను. 19 మంది పిల్లల పప్పూ కూరా వచ్చింది. వాళ్లందరి భోజనమూ మీ పొట్టలో ఉందనుకుంటే, మొసలి వేషం మీకు సరిపోయిందనే అనిపించింది.

ఆ బడిలో వండే మౌసి సంగతి కూడా చెప్పాలి. పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించి, గుమ్మడికాయ, పచ్చి అరటికాయ, బొప్పాయి కాయ, వంకాయ తరిగి పప్పులో వేసి దాల్మా చేస్తుంది. చివర్లో వేయించిన జీలకర్ర, ఎండుమిరప పొడి చల్లుతుంది. ఆ వాసన మా వాకిలి దాకా వస్తుంది. పప్పూ కూరా ఒకే గిన్నెలో పడ్డాయి కాబట్టి ఏరి పారేయడం పిల్లలకి కుదరదు. ఇంతకన్నా తెలివైన పోషకాహార కార్యక్రమం నాకు కనబడలేదు. మౌసికి ఇచ్చేదాన్ని జీతం అనకూడదట, గౌరవ వేతనమట. కేంద్రం లెక్క ప్రకారం నెలకి 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. 2009లో వేసిన అంకె అది. పైన రాష్ట్రం కొంత కలుపుతుంది. ఆ బడి వారోత్సవం రోజున వేదిక మీద కూర్చున్నవాళ్లలో మౌసి లేదు. ఆ రోజు మౌసి గిన్నెలు కడుగుతోంది. వేదిక మీదున్నవాళ్లు తాగిన టీ గ్లాసులు కూడా అందులో ఉన్నాయి.

ఈ దాల్మా గిన్నె కూడా ఊరికే రాలేదండీ. వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెప్పవలసి వచ్చింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో పిల్లాడికి నెలకి మూడు కిలోల గింజలు సంచిలో పోసి ఇంటికి పంపేవారు. ఆ సంచిలోంచి పిల్లాడి నోటి దాకా ఎంత వెళ్లిందో దేవుడికెరుక. మీకు మాత్రం ఏ కోర్టూ అక్కర్లేకపోయింది. తిన్నగా వేదికెక్కేశారు.

ఒడిశా బడుల్లో వారానికి రెండు రోజులు గుడ్డు పెడతారు. మా తోడికోడలు కొడుకు ఆ రెండు రోజులూ ఒళ్లు కాలుతున్నా బడి మానడు. మిగతా నాలుగు రోజులూ కడుపునొప్పి వస్తూ పోతూ ఉంటుంది. పోషకాహారం మీద వాడి అవగాహన అంతే, నా దృష్టిలో అది చాలు. మీరొచ్చి వాడికి ఏం నేర్పాలి?

కోపగించకండి, ఒక మాట. మీలో నూటికి 95 పాళ్లు నీళ్లే. అది నేరం కాదు, మే నెలలో మీ అంత మంచివారు లేరు. కానీ మొన్న వేదిక మీద రక్తహీనత గురించి ఉపన్యాసం సాగుతుంటే పక్క బల్ల మీద మీరు ఠీవిగా పడుకుని ఉన్నారు. ఒడిశాలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 64 మందికి రక్తహీనత అని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దానికి ముందు సర్వేలో ఆ అంకె 45 దగ్గరుంది. తగ్గాల్సింది పెరిగింది. అక్కడ బల్ల మీద ఉండాల్సినవి మునగాకు, తోటకూర, గుడ్డు, ఎండుచేపలు. ఎండుచేపలు తెస్తే హాలంతా వాసనొస్తుందని వద్దన్నారు. మునగాకు తెచ్చారు, కానీ తోరణం కట్టారు.

చార్టుల మాట ఎక్కువ చెప్పను. బ్రోకలీ, అవకాడో, స్ట్రాబెర్రీ. మూడూ ఇంటర్నెట్‌లోంచి కత్తిరించినవి. మా బజార్లో అవకాడో అడిగితే మందుల షాపు చూపిస్తారు.

సంతలో ఉండేవి వేరు. వానాకాలంలో కొండల మీంచి సవరవాళ్లు గంపలతో దిగుతారు. ఆగాకరకాయలు, వెదురు మొలకలు, పుట్టగొడుగులు, కొంచెం ఆగితే సీతాఫలాలు. వాటిలో ఒక్కదానితోనూ జంతువుల్ని చెయ్యలేం. ఆగాకరకాయతో ముళ్లపంది చెయ్యొచ్చని మా అమ్మాయి అంది. నేను నోరు మూయించాను, ఈ వ్యాధి ఇంట్లోకి రాకూడదు.

చోళ్ల కథ, అదే రాగుల కథ, ఇంకా బాగుంటుంది. ఇక్కడివాళ్లు మండియా అంటారు, మా అత్తగారి కాలంలో ఇంటింటా చోడి అంబలే. 100 గ్రాముల చోళ్లలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలలో అందులో మూడో వంతు. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలోనే మా గజపతి జిల్లా ఉంది. నవంబరు 10న మండియా దిబస అని పండగ కూడా చేస్తారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం చేసింది. ఇంత గౌరవం దక్కింది కదా అని 'హెల్దీ టిఫిన్ డే' నాడు అమ్మాయికి చోడి రొట్టె, పచ్చిమిర్చి పచ్చడి పెట్టి పంపాను. క్లాసులో పిల్లలు 'ఇది మాడిపోయిందా' అని అడిగారట. టీచరమ్మ మంచి మనిషి, వెంటనే దాని మీద నాలుగు టమాటా చక్రాలు, కొంచెం చీజు పెట్టి 'మిల్లెట్ పిజ్జా' అని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. మా అత్తగారు ఆ ఫొటో చూసి, "గతిలేక తిన్నదానికి ఇన్ని చప్పట్లా!" అన్నారు. పచ్చడి ఏమైందని కూడా అడిగారు. పచ్చడి ఫ్రేములోకి రాలేదు.

కార్యక్రమం అయ్యాక ఏం పెట్టారో మీకు తెలియదు, అప్పటికి మీ నడుం విరిగిపోయింది. ఒక్కొక్కరికి ఒక అట్టపెట్టె. అందులో సమోసా, లడ్డు, చిప్స్ పొట్లం, గొట్టం గుచ్చుకుని తాగే మామిడి రసం. తియ్యటి పానీయాల్లో ఎన్ని చెంచాల చక్కెర ఉంటుందో పిల్లలకి తెలియాలని 2025లో సీబీఎస్ఈ బడులన్నిటినీ షుగర్ బోర్డులు పెట్టమంది. మా బడివాళ్లూ పెట్టారు, చాలా అందంగా ఉంది. ఆ బోర్డు కిందే నిలబడి ముఖ్య అతిథి మామిడి రసం తాగారు. కనీసం గొట్టం అడ్డురాకుండా ఫొటో తీసి ఉంటే బాగుండేది.

బడి గేటుకి 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకు అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నిబంధన తెచ్చింది. గేటు దాటగానే ఎదురు కొట్టుకి చిప్స్ పొట్లాలు పూలదండల్లా వేలాడుతుంటాయి. మధ్యలో ఉన్నది ఒక రోడ్డు, ఒక ఆవు. కొట్టతన్ని నేను తప్పుపట్టను, అట్టపెట్టెల్లోకి చిప్స్ సప్లై చేసింది ఆయనే.

నేను వారోత్సవాలకి శత్రువునని అనుకోకండి. ఆ సర్కారు బడిలోనే పోయినేడు ఒక మాస్టారు గోడవారన నాలుగు మడులు చేయించి పిల్లలచేత బెండ, తోటకూర, బచ్చలి వేయించారు. పైన వేదికా లేదు, కింద నదీ లేదు. బచ్చలి తీగ కిటికీ ఎక్కింది, దాన్ని మౌసి తెంపి పప్పులో వేసింది, పిల్లలు 'మా బచ్చలి' అని తిన్నారు. ఎవరికీ ప్రైజు ఇవ్వలేదు. డ్యాష్‌బోర్డులో దీన్ని ఏ పేరుతో ఎక్కించారో, అసలు ఎక్కించారో లేదో. ఇలాంటివి నెల్లాళ్లు చేస్తానంటే నేనే వెళ్లి మడులకి నీళ్లు పోసి వస్తాను.

మీరు పదవీ విరమణ చేయమని అడిగే ధైర్యం నాకు లేదు. ఒక్క సవరణ మాత్రం కోరుతున్నాను. పోటీ అయ్యాక మిమ్మల్ని అక్కడికక్కడే ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి పిల్లలకి పెట్టాలని రూలు తెప్పించండి. టూత్‌పిక్‌లు, లవంగాలు, రంగు రవ్వ వాటంతటవే పోతాయి. జడ్జీలు కూడా ఒక ముక్క తినాలి. అప్పుడు మీకు ఫస్ట్ ప్రైజు వచ్చినా నాకేం అభ్యంతరం లేదు.

తా.క. వచ్చే శుక్రవారం ఫాన్సీ డ్రెస్. 'ఏదో ఒక హెల్దీ ఫుడ్ వేషం' అని గ్రూపులో మెసేజ్ వచ్చింది. మా అమ్మాయి గుడ్డు వేస్తానంది. ఇంట్లో తెల్ల దుప్పటి ఉంది, పైసా ఖర్చు లేదు. "గుడ్డంటే కొందరు పేరెంట్స్ ఫీలవుతారమ్మా" అన్నారు టీచరమ్మ. పోనీ చోడి కంకి అన్నాను. "సన్నగా ఉంటుంది, స్టేజీ మీద కనబడదు" అన్నారు. దాల్మా అన్నాను. "దాల్మాకి డ్రెస్సు ఎలా కుట్టిస్తారు?" అన్నారు, అదీ నిజమే. చివరికి ఆవిడే దారి చూపించారు. బజార్లో మొసలి డ్రెస్సు అద్దెకి దొరుకుతుందట, వేసుకొచ్చి 'నేను కీర మొసలిని' అంటే సరిపోతుందట. కనుక్కున్నాను. అద్దె 250, తోకకి విడిగా 50. భాగహారం మీకే వదిలేస్తున్నాను. అభ్యంతరం ఉంటే గురువారం లోపల తెలియజేయగలరు, అడ్వాన్సు కట్టాలి.

ఇట్లు,
నాలుగో తరగతి బి సెక్షన్ విద్యార్థిని తల్లి