దుబాసీ లేని మ్యాక్

చెన్నపట్నం పుట్టడానికి కారణం కోట కాదు, సముద్రం కాదు, ఒక డ్రైవరు. చరిత్రకారులు ఆ మాట వాడలేదు, అంతే. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ దొర ఈ తీరంలో కాస్త చోటు కావాలని ఇక్కడి పాలకులైన దామెర్ల నాయకులను అడగవలసి వచ్చింది. వీరి భాష ఆయనకు రాదు, ఆయన భాష వీరికి రాదు. మధ్యలో నిలబడి మాట నడిపినవాడు బేరి తిమ్మప్ప. ఆ ఉద్యోగం పేరు దుబాసీ, అంటే రెండు భాషలవాడు. దాదాపు నాలుగు శతాబ్దాల తరువాత అదే ఉద్యోగాన్ని మనం గ్రాఫిక్స్ డ్రైవరు అంటున్నాం. ఇక్కడ ఎర్ర గీత గియ్యి అని విండోస్ తన భాషలో చెబుతుంది. తెరను నడిపే కార్డుకు ఆ భాష తెలియదు. డ్రైవరు దాన్ని కార్డుకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ రోజు తిమ్మప్ప జ్వరం వచ్చి పడుకుని ఉంటే ఏమయ్యేదో పాత మ్యాక్‌లో విండోస్ నడిపే ప్రతి మనిషికీ తెలుసు.

ఈ అవస్థ నేను కోరి తెచ్చుకున్నది కాదు. మా అబ్బాయి అమెరికా వెళుతూ తన 2015 నాటి పదిహేను అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో నా చేతిలో పెట్టి, "నాన్నా, దీనికి ఇంకో పదేళ్లు ఢోకా లేదు" అన్నాడు. యంత్రానికి ఢోకా లేదన్నది నిజమే. అయితే టీ నగర్‌లో మా తెలుగు సంఘం ఉగాది సంచికకు పేజీలు పెట్టే పని నాది. ప్రెస్సువారికి పేజ్‌మేకర్ ఫైలు కావాలి, అందులో అను ఫాంట్లు ఉండాలి. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు వచ్చింది 2001లో. లోకమంతా దాన్ని మరిచిపోయింది గాని తెలుగు ప్రెస్సు మరవలేదు. ఆ ఫాంట్లు లేని చోట ఫైలు తెరిస్తే అధ్యక్షులవారి ఉగాది సందేశం ఇంగ్లీషు అక్షరాల, కామాల, కుండలీకరణాల కలగూరగంపగా కనిపిస్తుంది. (కొందరు సభ్యులకు తేడా తెలియలేదన్నది వేరే సంగతి.) అందుకని విండోస్. ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌కు మారవచ్చు కదా మామయ్యా అంటాడు మా అల్లుడు. అల్లుడు చాలా అంటాడు.

మ్యాక్‌లో విండోస్‌కు చోటివ్వడం దొంగతనంగా చేసే పని కాదు. 2006 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థే బూట్ క్యాంప్ అనే ఏర్పాటు తెచ్చింది. ఒకే ఇల్లు, రెండు వాటాలు. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఆప్షన్ మీట నొక్కి పట్టుకుంటే ఏ వాటాలోకి వెళతారని అడుగుతుంది. 2020 చివర్లో సొంత చిప్పులతో వచ్చిన మ్యాక్‌లలో రెండో వాటా తలుపు తీసేసి గోడ కట్టేశారు. కాబట్టి నాలాంటివాళ్లం ఆ వాటాలో మిగిలిన ఆఖరి అద్దెదారులం. ఇక్కడ కుళాయి పాడైతే ఎవరికి చెప్పాలో ఎవరికీ తెలియదు.

ఒకరోజు రాత్రి ఏదో అప్‌డేట్ వచ్చింది. తెల్లవారి చూస్తే తెర పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైటులా వెలుగుతోంది. తగ్గించే మీట నొక్కాను. తగ్గలేదు. నిద్రపుచ్చుదామని చూస్తే స్టార్ట్ మెనూలో స్లీప్ అన్న మాటే మాయమైంది. తెర మీది ప్రోగ్రాం కిటికీని పక్కకు లాగితే నీళ్లబిందె మోస్తున్నట్టు ఆగి ఆగి వచ్చింది. లోపలి పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో, నా కార్డు పేరు రేడియాన్ అని ఉండవలసిన చోట బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది. అంటే దుబాసీ సెలవు పెట్టాడు, అతని కుర్చీలో బంట్రోతు కూర్చున్నాడు. బంట్రోతు మంచివాడే. తెర మీద బొమ్మ పడేంత వరకు అతనికి పని తెలుసు. దొరగారు కాస్త మెల్లగా మాట్లాడమంటున్నారు అని చెప్పడం మాత్రం అతని వల్ల కాదు.

కంప్యూటర్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు మోసుకెళ్లాను. మొదటి దుకాణంలో మూత కూడా తెరవకుండా మదర్‌బోర్డు పోయింది, 32,000 అవుతుంది అన్నారు. రెండో దుకాణంలో నెల్లూరు అబ్బాయి ఉన్నాడు. నా మాట వినగానే తెలుగులోకి దిగి, స్టూలు చూపించి, మౌసుతో నాలుగు చోట్ల నొక్కి ఒక పొడుగాటి అంకెల వరుస తెర మీదికి తెచ్చాడు.

"సార్, కార్డు బాగానే ఉంది. మొదట 1002 ఉంది చూడండి, అది చిప్పు చేసినవాళ్ల గుర్తు. ఇక్కడ చివర 106బి ఉంది కదా, అది మ్యాక్ వాళ్లది. చిప్పు చేసినవాళ్ల మామూలు డ్రైవరు వేస్తే, అది తన జాబితాలో ఈ రెండూ కలిసి ఉన్నాయా అని వెతుకుతుంది. లేకపోతే మీ దగ్గర మా కార్డే లేదు పొమ్మంటుంది."

"కార్డు వాళ్లదే కదయ్యా!"

"వాళ్లదే సార్. దత్తు వెళ్లింది."

ఇంతకంటే చక్కగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. పుట్టింటివారు ఇంటిపేరు మారిందంటారు. పైగా ఆ తరం కార్డులకు కొత్త డ్రైవర్లు చేయడం 2021 జూన్‌లోనే మానేశారు. ఇక విండోస్ 10కే 2025 అక్టోబరు 14న ఉచిత సేవ ముగిసింది. విండోస్ 11కు వెళదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉందా అని గుమ్మంలోనే అడుగుతుంది, ఈ యంత్రంలో అది లేదు. అన్నిటికంటే బాధాకరమైన విషయం, ఈ ఇంట్లో ఐరిస్ ప్రో అనే రెండో కార్డు ఒకటి నిక్షేపంగా ఉంది. తక్కువ తింటుంది, ఎక్కువ వేడెక్కదు. విండోస్ వాటాలోకి వెళ్లగానే దాన్ని లోపలి గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. బ్యాటరీ మూడో కాఫీ దాకా కూడా నిలవకపోవడానికీ, ఫ్యాను పిండిమరలా మోగడానికీ కారణం అదే.

ఆ అబ్బాయి చేసిన చికిత్స చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. ముందు మ్యాక్ వాటాలోకి వెళ్లి, బూట్ క్యాంప్ అసిస్టెంట్ మెనూ నుంచి విండోస్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి దించాడు. పాత దుబాసీ చిరునామా ఇప్పటికీ అక్కడ దొరుకుతుంది. తరువాత విండోస్‌లోకి వచ్చి వైఫై కట్టేశాడు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ చేసి అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాడు. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే చిన్న ప్రోగ్రాంతో కొత్త డ్రైవరు ఆనవాళ్లన్నీ తుడిచేశాడు. మామూలుగా తీసేస్తే దాని ఆత్మ ఏదో ఒక ఫోల్డరు పట్టుకుని వేలాడుతుందట, దీనితో అయితే పదోరోజు కర్మ కూడా పూర్తవుతుంది. మళ్లీ మామూలుగా తెరిచి, పెన్‌డ్రైవ్‌లోని బూట్ క్యాంప్ ఫోల్డరులో సెటప్ నడిపాడు. చివరికి డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో డ్రైవర్లు తనంతట తాను తెచ్చుకోవద్దని గుర్తు పెట్టి, అప్పుడు వైఫై తెరిచాడు. తెర ఒక్కసారి నల్లబడింది. నా గుండె కూడా. మళ్లీ వెలిగింది. మీట నొక్కితే వెలుతురు మెట్టుమెట్టుగా దిగింది. 300 తీసుకున్నాడు. నేను 500 ఇస్తే 200 తిరిగి ఇచ్చాడు.

వైఫై కట్టేయమన్న మాట దగ్గర పాఠకులు కాస్త ఆగాలి. నెట్ ఉంటే, మీరు పాత దుబాసీని కుర్చీలో కూర్చోబెట్టే లోపే కంప్యూటర్ వెనక గుమ్మం నుంచి కొత్తవాణ్ని తెచ్చుకుంటుంది. కొత్తవాడి మీద నాకున్న అనుమానానికి కూడా చరిత్ర ఉంది. మద్రాసు గవర్నరు జాన్ హాలండ్ దుబాసీ అవధానం పాపయ్య ఎంత ఎత్తుకు ఎదిగాడంటే, మాట చేరవేయవలసినవాడు మాట పుట్టించడం మొదలుపెట్టాడు. చివరికి 1792లో కుట్ర కేసు నడిచి శిక్ష పడింది. అయినా మన నగరంలోని చూళైలో ఆయన పేరుతో రోడ్డు ఉంది. ఇరవై పిక్సెళ్ల పాయింటరు కూడా సరిగ్గా కదపలేని డ్రైవరు "మీ పరికరం ఉత్తమంగా పనిచేస్తోంది" అని తెర మీద రాసినప్పుడల్లా నాకు పాపయ్యగారే గుర్తుకొస్తారు.

కాబట్టి నగరపాలక సంస్థవారికి ఒక మనవి సిద్ధం చేస్తున్నాను. శిక్ష పడిన దుబాసీకి రోడ్డు ఇచ్చిన నగరం, పదేళ్లు నోరెత్తకుండా పనిచేసిన డ్రైవరుకు రిచీ స్ట్రీట్ వెనక ఒక సందైనా ఇవ్వాలి. పాత డ్రైవర్లున్న ఫోల్డర్లను పురాతన కట్టడాల జాబితాలో చేర్చి, ఎవరూ కూల్చకుండా చూడాలి. డ్రైవరును మార్చదలచిన అప్‌డేట్ ఏదైనా పదిహేను రోజుల ముందు వీధిలో దండోరా వేయించాలి, యజమాని నిద్రపోయిన తరువాత ఇంట్లోకి రాకూడదు. ఐరిస్ ప్రోను వెంటనే విడుదల చేయాలి. సంఘం సభ్యులు పదకొండు మంది సంతకాలు చేస్తామన్నారు, అల్లుడు చేయనన్నాడు.

మనవి అను ఫాంట్లలోనే ఉండాలని అధ్యక్షులవారి పట్టుదల. రాత్రి పది దాటాక, అందరూ పడుకున్నాక, టైపు చేద్దామని మూత తెరిచాను. గదంతా వెలుగు. పక్కన పడుకున్న మా ఆవిడ మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "కాస్త తగ్గించండి" అంది.

మీట నొక్కాను.