మూడూ మూడూ ఆరు కాదు బాబాయ్

పొద్దున్నే ఏడింటికి బాబాయి ఒక ఫార్వర్డ్ మెసేజ్ పంపాడు. తొమ్మిదింటికి ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూపులో అదే వచ్చింది. మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ గ్రూపులో సెక్రటరీ గారు "అందరికీ పనికొస్తుంది" అని తోక తగిలించి మరీ పెట్టారు. ఈ నెలలో ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను. ఇంకా చూడని అదృష్టవంతుల కోసం, అచ్చుతప్పులు దిద్ది, దండాల బొమ్మలు పీకేసి ఇక్కడ పెడుతున్నాను:

"పాత కంప్యూటర్ పారేస్తున్నారా? ఆగండి! 800 రూపాయలకు కోర్ 2 డ్యువో ఈ8400 ప్రాసెసర్ కొనండి. రెండు కోర్లు, ఒక్కోటీ 3 గిగాహెర్ట్జ్, మొత్తం 6 గిగాహెర్ట్జ్! కొత్త ఐ5 కన్నా ఫాస్ట్. 775 సాకెట్ బోర్డు ఏదైనా సరిపోతుంది, మెకానిక్ అక్కర్లేదు. థర్మల్ పేస్ట్ లేకపోతే టూత్‌పేస్ట్ రాయండి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లోకి వెళ్ళి ప్రాసెసర్ల సంఖ్య 2 అని పెట్టండి, లేకపోతే రెండో కోర్ నిద్రపోతుంది. విండోస్ 11 కూడా ఎక్కుతుంది. కరెంటు బిల్లు తగ్గుతుంది. కంపెనీలు ఈ రహస్యం మీకు చెప్పవు. పది మందికి పంపండి."

రహస్యమట. ఆ ప్రాసెసర్ చిప్‌ను ఇంటెల్ 2008 జనవరిలో విడుదల చేసి, డబ్బా మీద పేరు అచ్చేసి మరీ అమ్మింది. ఇక పది మందికి పంపే సంగతంటారా, అది ఇప్పటికే బాగానే జరుగుతోంది.

ముందు ఆ ఆరు గురించి. కోర్ అంటే చిప్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగం, గిగాహెర్ట్జ్ అంటే దాని వేగానికి కొలత. బండికి రెండు ఎడ్లను కడితే ఎక్కువ బరువు లాగుతాయి. అంతేగానీ ఒక్కో ఎద్దు గంటకు మూడు కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి జోడీ ఆరు కిలోమీటర్లు నడుస్తుందని ఏ రైతూ అనుకోడు. అదంతా కలిపేస్తే సరిపోయే పనైతే ఇంటెల్‌కు 2004లో అంత అవస్థే ఉండేది కాదు. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామని ఊరించి ఊరించి, ఆ ఏడాది అక్టోబరులో చేతులెత్తేసింది. వేగం పెంచుతున్నకొద్దీ చిప్ పొయ్యిలా మండిపోతోంది మరి. ఆ దారి మూసుకుపోయాకే 2005లో రెండు కోర్లున్న పెంటియమ్ డి, పోటీ కంపెనీ ఏఎండీ వాళ్ళ అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాయి. ఉన్న ఎద్దును ఇంకా అదిలించలేక రెండో ఎద్దును కట్టారన్నమాట. రెండో కోర్‌కు పని దొరకాలంటే ఆ ప్రోగ్రాము పనిని పంచేలా రాసి ఉండాలి. పనిలో సగమే పంచడానికి వీలైతే, రెండు కోర్లున్నా మొత్తం మీద వేగం మూడో వంతే పెరుగుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు 1967లో వేసిన లెక్క.

పోనీ వాళ్ళ లెక్కే నిజమనుకుందాం. ఐ5 12400లో ఆరు కోర్లు, ఒక్కోదాని బేస్ వేగం 2.5 గిగాహెర్ట్జ్. ఫార్వర్డ్ ఎక్కాల ప్రకారం అది 15 గిగాహెర్ట్జ్. ఆరు పెద్దదా, పదిహేను పెద్దదా? సొంత కూడికలోనే ఓడిపోయే మెసేజ్‌ను నేను చూడటం ఇదే మొదటిసారి.

ఇదంతా నవ్వుకుని వదిలేసేదాన్నే. "775 సాకెట్ బోర్డు ఏదైనా సరిపోతుంది" అన్న ముక్క ఒక్కటే వదలబుద్ధి కావడం లేదు, ఎందుకంటే దాని బిల్లు నేను కళ్ళారా చూశాను.

సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. 775 సాకెట్ 2004లో వచ్చింది. పెంటియమ్ 4, సెలెరాన్ డి, పెంటియమ్ డి, కోర్ 2 డ్యువో, కోర్ 2 క్వాడ్ అన్నీ అందులోనే కూర్చున్నాయి. కూర్చోవడం వేరు, పనిచేయడం వేరు. ఏ చిప్ నడుస్తుందన్నది సాకెట్ చెప్పదు. బోర్డు మీది చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌లు), కరెంటు సరఫరా చేసే భాగం, లోపలి బయోస్ (ఆన్ చేయగానే బోర్డును లేపే ప్రోగ్రాము), ఈ మూడూ కలిసి చెబుతాయి. 915 చిప్‌సెట్ బోర్డైతే డ్యూయల్ కోర్ (రెండు కోర్ల చిప్) మాటే ఎత్తనక్కర్లేదు. 945 అయితే దాని బస్ (ప్రాసెసర్‌కూ బోర్డుకూ మధ్య దారి) వేగం 1066 మెగాహెర్ట్జ్ దాకానే, ఈ8400 అడిగేది 1333. అలాంటి బోర్డు మీద ఈ చిప్ అసలు లేవకపోవడమే ఎక్కువ. ఒకవేళ అదృష్టం బాగుండి లేచినా, బస్ వేగం తక్కువ కాబట్టి రావాల్సిన 3 గిగాహెర్ట్జ్ కాస్తా 2.4 దగ్గర ఆగుతుంది. జీ31 బోర్డైతే ఇబ్బంది లేదు. కానీ అక్కడా పాత బయోస్ ఉంటే కొత్త చిప్‌ను గుర్తు పట్టకపోవచ్చు. బయోస్ అప్‌డేట్ చేయాల్సింది పాత చిప్ ఉండగానే. మార్చేశాక తెర మీద బొమ్మే రాదు, ఇంకేం అప్‌డేట్ చేస్తాం? అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డుకు దినం పెట్టేయడమే. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

బాబాయిది 945 బోర్డు. మెసేజ్ చూసి ఆన్‌లైన్‌లో వాడేసిన ఈ8400 తెప్పించాడు, వాపసు లేదు. తనే విప్పాడు, తనే బిగించాడు. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా. ఆటోలో పెట్టుకుని ఒక షాపుకు తీసుకెళ్తే "బోర్డు కాలిపోయిందండీ" అన్నారట. వాడిన జీ41 బోర్డు 2,200. దానికి కావాల్సింది డీడీఆర్3 రకం ర్యామ్ (మెమరీ), ఇంట్లో ఉన్నది డీడీఆర్2, ఆ గాడిలో పట్టదు. కాబట్టి కొత్త ర్యామ్ 900. బిగించినందుకు 500. చిప్‌తో కలిపి 4,400. బోర్డు మారింది కాబట్టి విండోస్ మళ్ళీ యాక్టివేషన్ అడుగుతుంది. (అది ఒరిజినల్ అయితే కదా అంటారా. సరే, ఆ మాట ఇక్కడితో ఆపేద్దాం.)

ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి "కాలిపోయిన" బోర్డు క్యారీబ్యాగ్‌లో బాల్కనీలో ఉంది. పాత చిప్, పాత ర్యామ్ పెట్టి ఆన్ చేశాను. ఏమీ జరగనట్టు లేచింది. దానికి ఏ రోగమూ లేదు, తనకు తెలియని చిప్ పెట్టారు కాబట్టి మాట్లాడలేదు, అంతే. 775లో సూదుల్లాంటి కాళ్ళు చిప్‌కు కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి. బాబాయి చేతిలో అవి వంగకుండా బతికినందుకు ఆ రోజు నిజంగా సంతోషించాను.

అసలు తమాషా ఏమిటంటే, ఆ పాత చిప్ పెంటియమ్ డి. అది కూడా రెండు కోర్లదే! డ్యూయల్ కోర్ కోసం డ్యూయల్ కోర్‌ను పీకి పక్కన పెట్టాడు మా బాబాయి. ఇందులో ఆయన్ని ఒక్కడినే అనలేను. అప్పట్లో షాపుల్లో "డ్యూయల్ కోరా, కోర్ టూ డ్యువోనా?" అని అడిగేవారు, ఒకదానికి రెండు కోర్లు, ఇంకోదానికి ఇంకేవో ఉన్నట్టు. పెంటియమ్ డ్యూయల్ కోర్ అన్నది ఒక బ్రాండ్ పేరు. అది చౌక రకం, డ్యువో ఖరీదు రకం, రెండింటిలోనూ కోర్లు రెండే. ఆ గందరగోళం మన బుర్రల్లోంచి ఇప్పటికీ పోలేదు.

"అసలు ఎందుకు మార్చాలనుకున్నావ్ బాబాయ్?" అని అడిగాను. "ఆన్ చేస్తే ఐదు నిమిషాలు తిరుగుతుందిరా" అన్నాడు. ఐదు నిమిషాలూ తిరిగేది హార్డ్ డిస్క్. రిసోర్స్ మానిటర్ తెరిచి చూపించాను: ప్రాసెసర్ 15 శాతం దగ్గర గోళ్ళు గిల్లుకుంటోంది, డిస్క్ ఊపిరి తిరగక కొట్టుకుంటోంది. మామూలు డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళను సెకనుకు వంద చోట్ల వెతికితే గొప్ప. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అనే డిస్క్ వేలల్లో వెతుకుతుంది. పాత బోర్డు సాటా పోర్టు (డిస్క్ తగిలించే చోటు) ఎస్ఎస్‌డీ పూర్తి వేగాన్ని అందుకోలేదు, నిజమే, అయినా తేడా కళ్ళకు కనిపిస్తుంది. వంటగదిలో గ్యాస్ అయిపోతే వంటమనిషిని మార్చుకోవడం ఏ ఇంట్లోనైనా ఉందా?

టూత్‌పేస్ట్. దీని దగ్గర నాకు ఓపిక పూర్తిగా పోయింది. థర్మల్ పేస్ట్ అంటే చిప్ వేడిని దాని మీది లోహపు దిమ్మెకు చేరవేసే ముద్ద. ఏ పేస్ట్ అండీ? ఉప్పు ఉన్నదా, లవంగం ఉన్నదా? చిప్‌కు పిప్పిపన్ను ఉందా? రాసిన మొదటి గంట అది బాగానే పనిచేస్తుంది, అందుకే యూట్యూబ్‌లో వీడియోలు తీయగలుగుతున్నారు. అందులో నీరు చాలానే ఉంటుంది. చిప్ వేడికి ఆ నీరు ఎండిపోయి, సున్నం పెచ్చులా బీటలిచ్చి, మధ్యలో గాలి చేరుతుంది. గాలి వేడిని లాగదు. అప్పుడు కోర్ 2 డ్యువో కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. వేగం కోసం చిప్ కొని, దాని మీద వేగం తగ్గించే మందు రాయడం! అసలు థర్మల్ పేస్ట్ చిన్న ట్యూబు వంద రూపాయల చిల్లర. అది లేకపోతే ఆ రోజుకు పని ఆపేయండి, ప్రపంచం ఏమీ మునిగిపోదు. ఇంటెల్ ఫ్యాన్‌కు ఉన్న నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఎదురెదురుగా, జంటలుగా నొక్కాలి, టక్ మని వినపడాలి. వాటిలో ఒక్కటి ఊగినా ఎంత ఖరీదైన పేస్ట్ రాసినా వృథా.

ఎంఎస్‌కాన్ఫిగ్ (విండోస్ మొదలయ్యే తీరును మార్చే సాధనం) సంగతి రెండు ముక్కల్లో. విండోస్ ఉన్న కోర్లన్నీ తనంతట తానే వాడుకుంటుంది. అందులో ప్రాసెసర్ల సంఖ్య పెట్టె ఉన్నది కోర్లను తగ్గించి పరీక్షలు చేసుకునేవాళ్ళ కోసం, పెంచడానికి కాదు. దాని పక్కనే మ్యాగ్జిమమ్ మెమరీ అని ఇంకో పెట్టె ఉంటుంది. ఉత్సాహంలో అది కూడా టిక్ చేసి, ఉన్న ర్యామ్‌ను తామే కోసుకుని, "వైరస్ వచ్చింది" అని నాకు ఫోన్ చేసినవాళ్ళు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు.

విండోస్ 11 గురించి చెప్పింది సగం వాక్యం. 1 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు చాలని మైక్రోసాఫ్ట్ అన్న మాట నిజమే. ఆ వాక్యం చివర "మా జాబితాలో ఉన్న ప్రాసెసర్" అని కూడా ఉంది. ఇంటెల్‌లో ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. దొడ్డిదారిన ఎక్కించేవాళ్ళు ఉండేవారు. 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ 24హెచ్2తో కోర్ 2 వాళ్ళకు ఆ దొడ్డిదారి కూడా మూతపడింది. పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ (చిప్‌కు అర్థమయ్యే ఒక ఆదేశం) లేని చిప్ మీద అది బూటే కాదు, ఈ8400లో అది లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇలాంటి మెషీన్‌లో లినక్స్ మింట్ వేసుకుని బ్రౌజింగ్, టైపింగ్ చేసుకోవచ్చు. బ్యాంకు పనులకు సపోర్ట్ పోయిన విండోస్ మాత్రం వద్దు.

కరెంటు బిల్లు తగ్గుతుందన్న పాయింటును ఉతికి ఆరేద్దామని చివరిదాకా దాచుకున్నాను. తీరా స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టి చూస్తే మాట పెగల్లేదు. బాబాయి పెంటియమ్ డి 820 రేటింగ్ 95 వాట్లు, ఈ8400ది 65. దాని అన్న 840 అయితే 130. చిప్ వరకు చూస్తే మెసేజ్ చెప్పింది నిజమే. బిల్లులో కనిపించేంత కాకపోవచ్చు, కానీ ఫ్యాన్ హోరు తగ్గడం నేనే విన్నాను. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. 2009లో నేను నా జీ31 బోర్డులోంచి ఒకే కోర్ ఉన్న సెలెరాన్ 430 తీసి రెండు కోర్ల ఈ5200 వేశాను. ఒక పక్క సినిమా నడుస్తుండగా ఇంకో పక్క ఫైళ్ళు జిప్ చేస్తూ, ఆ రాత్రి రెండింటిదాకా ఊరికే చూస్తూ కూర్చున్నాను. బోర్డు సరిపోయి, ఉన్నది నిజంగా ఒక్క కోరే అయితే, ఆ మార్పు తెలుస్తుంది.

బాబాయికి నేనే ఒక 240 జీబీ ఎస్ఎస్‌డీ కొనిచ్చి బిగించాను. ఇప్పుడు అర నిమిషంలో డెస్క్‌టాప్ వస్తోంది. ఈ రోజు పొద్దున ఏడింటికి వచ్చిన ఫార్వర్డ్ కింద ఆయన సొంతంగా ఒక లైను కలిపాడు: "నేను స్వయంగా చేసి చూశాను. 100 శాతం నిజం. ప్రాసెసర్ మార్చాక రాకెట్‌లా ఉంది."

ఎస్ఎస్‌డీ మాట ఎక్కడా లేదు.