తవ్వుకుంటూ పోతే అడుగు దొరకదు

తుర్కియే (టర్కీ) నగరం ఇస్తాంబుల్‌లోని ఖోరా చర్చి 2024 మే 6, సోమవారం మసీదుగా తెరుచుకుంది. రాజధాని అంకారాలోని అధ్యక్ష భవనం నుంచి అధ్యక్షుడు ఎర్డొగాన్ వీడియో ద్వారా ప్రారంభించారు. లోపల నమాజు జరిగింది. గ్రీస్ విదేశాంగ శాఖ ఖండించింది. రెండు రోజులు పోతే ప్రపంచం ఇంకో వార్తలో పడిపోతుంది. అంతకు నాలుగేళ్ల ముందు అదే నగరంలోని పురాతన చర్చి హగియా సోఫియాను మసీదు చేసినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. ఈసారి కట్టడం చిన్నది, గొడవ ఇంకా చిన్నది. ఆ గొడవ తగ్గిపోవడమే మాకు ఆందోళన కలిగిస్తోంది.

తుర్కియేలో ఇలా మసీదులైన చర్చిల వరస చూడండి. 2011లో ఇజ్నిక్. 2013లో ట్రాబ్‌జోన్. 2020లో హగియా సోఫియా. 2024లో ఖోరా. నాలుగూ బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలపు చర్చిలే. నాలుగూ ఆ తర్వాత వచ్చిన ఆటమన్ తురుష్కుల ఏలుబడిలో మసీదులైనవే. ఏ మతం వాళ్లయినా వెళ్లి చూసేలా గత శతాబ్దంలో తెరిచి ఉంచినవే. మొదటిది జరిగినప్పుడు అదొక చిన్న ఊరి సంగతి అనుకుని వదిలేశారు. రెండోది వచ్చేసరికి కళ్లు అలవాటుపడ్డాయి. ఖోరాను మ్యూజియంగా మార్చిన 1945 నాటి కేబినెట్ నిర్ణయాన్ని అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం 2019 నవంబరులోనే కొట్టేసింది. హగియా సోఫియాకు దారి తీసేది ఈ తీర్పేనని అప్పుడే హెచ్చరించినవాళ్లున్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండానే అన్నంత పనీ అయింది. ఒక్కొక్క మెట్టూ పై మెట్టు కోసం కట్టినట్టుగా ఉంది.

తుర్కియే చెప్పేదీ విందాం. ఆ కట్టడాలు తమ గడ్డ మీద ఉన్నాయని, శతాబ్దాల పాటు మసీదులుగానే నడిచాయని, ప్రార్థన సమయం కాకపోతే ఎవరైనా వచ్చి చూడొచ్చని అంటోంది. సార్వభౌమ దేశానికి ఆ హక్కు ఉందనే అనుకుందాం. కానీ ఆ హక్కును వాడుకోవడానికి చూపిన కారణమే అసలు ప్రమాదం.

ఆ కారణం ఇది. ఈ కట్టడాలు వక్ఫ్ ఆస్తులు, అంటే ఇస్లాం సంప్రదాయంలో ధర్మకార్యాలకు శాశ్వతంగా రాసిచ్చినవి. వక్ఫ్ రాసిన దాత ఏ పనికి ఇచ్చాడో ఆ పనికే వాడాలి. 20వ శతాబ్దపు కేబినెట్‌కు దాన్ని మార్చే అధికారం లేదు. హగియా సోఫియా విషయంలో ఆ దస్తావేజు 1453లో నగరాన్ని గెలిచిన ఆటమన్ సుల్తాన్ రెండో మెహమెద్‌ది. అంటే ఐదున్నర శతాబ్దాల కిందటి విజేత సంతకం ముందు నిన్నమొన్నటి ప్రభుత్వ నిర్ణయం చెల్లదన్నమాట. సరే, ఆ దస్తావేజు చెల్లితే అంతకు ముందుది ఎందుకు చెల్లదు? 537లో హగియా సోఫియాను కట్టించిన చక్రవర్తి జస్టీనియన్ దాన్ని ఏ పనికి ఇచ్చాడు? 1204లో నాలుగో క్రూసేడ్ సైన్యం, సాటి క్రైస్తవుల సైన్యమే, నగరాన్ని దోచుకుని అదే చర్చిని 1261 దాకా లాటిన్ కేథడ్రల్‌గా నడిపింది. మరి రోమ్‌కు కూడా ఒక వాటా ఉందా? పాత కాగితానికి బలం ఎక్కువ అన్న సూత్రం ఒప్పుకున్నాక ఫలానా కాగితం దగ్గర ఆగాలని చెప్పడానికి ఎవరి దగ్గరా న్యాయం మిగలదు. బలం ఉన్నవాడు తనకు నచ్చిన పొర దగ్గర తవ్వకం ఆపుతాడు, దానికే చరిత్ర అని పేరు పెడతాడు.

ఇస్తాంబుల్ లాంటి చోట ఇన్ని పొరలు ఎందుకున్నాయో ఒకసారి మ్యాప్ చూస్తే తెలుస్తుంది. బోస్ఫరస్ జలసంధి పొడవు సుమారు 30 కిలోమీటర్లు. బాగా ఇరుకైన చోట అటు ఒడ్డుకూ ఇటు ఒడ్డుకూ మధ్య 700 మీటర్లు. నల్ల సముద్రంలో తిరిగే ఏ ఓడైనా మధ్యధరాకు రావాలంటే ఈ సందులోంచే రావాలి. ఐరోపా నుంచి ఆసియాకు నడిచే బాట కూడా ఇక్కడే నీళ్లు దాటుతుంది. 330లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఇక్కడ రాజధాని పెట్టుకున్నదీ, ఆ తర్వాత ఎవరు గెలిచినా దీన్ని వదులుకోలేకపోయిందీ ఇందుకే. ఈజిప్టు గోధుమలు, ఉత్తరాది అడవుల బొచ్చుతోళ్లు, తూర్పు పట్టు ఇక్కడికే చేరేవి. సరుకుతో పాటు మనుషులూ వచ్చారు, వాళ్ల వెంట వాళ్ల దేవుళ్లూ వచ్చారు. గోల్డెన్ హార్న్ అనే నీటిపాయ అవతల గలాటాలో జెనోవా వర్తకులు స్థిరపడ్డారు. 1492లో స్పెయిన్ తరిమేసిన యూదుల్ని సుల్తాన్ రెండో బయజిద్ పిలిచి చోటిచ్చాడు. ఖోరా చర్చిని మసీదు చేసింది కూడా ఆ బయజిద్ దగ్గర వజీరుగా పనిచేసిన అతిక్ అలీ పాషాయే. ఒకే దర్బారు ఒక చేత్తో ఆశ్రయం ఇచ్చింది, ఇంకో చేత్తో చర్చి తీసుకుంది. చరిత్ర ఇలాగే ఉంటుంది. ఇందులోంచి ఒక చేతినే ఏరుకుని జెండాగా ఎగరేయడం ఈనాటి రాజకీయం.

హగియా సోఫియా గుమ్మటం సంగతే తీసుకోండి. 989లో భూకంపానికి దెబ్బతింటే బాగు చేసింది ట్రదాత్ అనే ఆర్మీనియన్ వాస్తుశిల్పి. 16వ శతాబ్దంలో అది కూలిపోకుండా ఆనుగోడలు కట్టించింది ఆటమన్ వాస్తుశిల్పి సినాన్. ఆయన క్రైస్తవ కుటుంబంలో పుట్టి సుల్తాన్ కొలువులో పెరిగినవాడు. సులేమానియె మసీదు కడుతున్నప్పుడు ఆయన కళ్ల ముందున్న నమూనా కూడా ఆ గుమ్మటమే. 1847లో సుల్తాన్ అబ్దుల్‌మెజీద్ మరమ్మతుల కోసం ఫొసాటి సోదరులనే వాస్తుశిల్పుల్ని పిలిపించాడు. సున్నం కింద దాగిన క్రైస్తవ మొజాయిక్‌లను (రంగు రాళ్లు, గాజు ముక్కలు పొదిగి చేసిన చిత్రాలను) వాళ్లు బయటికి తీసి, బొమ్మలు గీసి పెట్టుకున్నాక మళ్లీ కప్పారు. ఆ సుల్తాన్ ఖలీఫా కూడా. నడుస్తున్న మసీదులో ఆ పని చేయించడానికి ఆయన భయపడలేదు.

ఖోరాలో ఉన్నదేమిటో కూడా చెప్పాలి. దాన్ని వార్తల్లో ‘చిన్న హగియా సోఫియా’ అన్నట్టు చెప్పేసి వదిలేస్తున్నారు, అది అన్యాయం. ఖోరా అంటే గ్రీకులో ఊరి వెలుపలి పొలిమేర. తొలి ప్రాకారానికి బయట ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. 1315 నుంచి 1321 మధ్య థియొడోర్ మెటోకిటెస్ అనే మంత్రి దాన్ని మొజాయిక్‌లతో, కుడ్యచిత్రాలతో నింపించాడు. ఆయన పండితుడు, ఖగోళం కూడా చదివినవాడు. 1328లో చక్రవర్తి మారితే సర్వం పోగొట్టుకున్నాడు. చివరికి సన్యాసిగా తాను పునరుద్ధరించిన ఆ మఠంలోనే ఉంటూ 1332లో కన్నుమూశాడు. పక్క మందిరం చివరి అర్ధగుమ్మటంలో క్రీస్తు ఆదాము చేయి ఒకవైపు, అవ్వ చేయి ఒకవైపు పట్టుకుని సమాధుల్లోంచి లాగుతున్న చిత్రం ఉంది. ఆ లాగుడులో ఉన్న వేగం, ఆ బట్టల కదలిక చూసినవాళ్లు మధ్యయుగం అంతా చీకటే అన్న మాట మళ్లీ అనలేరు. దాన్ని ఇంకా చూడొచ్చు. కానీ ప్రార్థన జరిగే ప్రధాన మందిరంలోని మొజాయిక్‌లకు తెరలు వచ్చాయి.

ఈ మొజాయిక్ కళ ఎంత దూరం ప్రయాణించిందో గుర్తుంటే ఆ తెరలు ఇంకా బాధ పెడతాయి. పదో శతాబ్దంలో స్పెయిన్‌లోని కొర్డోబాలో ఖలీఫా రెండో అల్ హకమ్ పెద్ద మసీదును విస్తరించాడు. మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గూడు) అలంకరణకు మొజాయిక్ పనివాడు కావాలని కాన్‌స్టాంటినోపుల్‌కు, అంటే నాటి ఇస్తాంబుల్‌కు, కబురు పెట్టాడు. క్రైస్తవ చక్రవర్తి పనివాడినే కాదు, బంగారు పూతతో మెరిసే మొజాయిక్ ముక్కల్ని కూడా పంపాడని అరబ్బు చరిత్రకారులు రాశారు. మధ్యధరా సముద్రం ఈ చివర నుంచి ఆ చివరకు, చర్చిల నగరం నుంచి మసీదుకు. ఆ మిహ్రాబ్ ఇవాళ్టికీ మెరుస్తోంది. వెయ్యేళ్ల కిందట మసీదును అలంకరించడానికి కానుకగా వెళ్లిన కళను ఇవాళ ఆ కళ బయల్దేరిన నగరంలోనే మసీదు పేరు చెప్పి తెర వెనక్కి పంపుతున్నారు.

కొర్డోబా పేరు ఎత్తాం కాబట్టి ఆ గురివింద గింజ కింద నలుపు కూడా చూడాలి. 1236లో ఆ నగరం క్రైస్తవ రాజుల చేతికి వెళ్లాక మసీదు కేథడ్రల్ అయింది. 16వ శతాబ్దంలో స్తంభాల తోపు నడుమ ఒక చర్చినే లేపారు. 2006లో అక్కడి బిషప్ కార్యాలయం కేవలం 30 యూరోల ఫీజు కట్టి మొత్తం కట్టడాన్ని చర్చి ఆస్తిగా రిజిస్టర్ చేయించుకుంది. ముస్లింలకు లోపల నమాజు చేసుకునే అనుమతి లేదు. మసీదు కంటే ముందు అక్కడ, ముస్లింల కంటే ముందు స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల చర్చి ఉండేదని చర్చి వర్గాలు చెబుతాయి. ఆ మాటకు తగిన ఆధారాలు చాలవని పురావస్తు పరిశోధకుల్లో కొందరంటారు. మళ్లీ అదే తవ్వకం, మళ్లీ తనకు నచ్చిన పొర దగ్గరే ఆగడం. హగియా సోఫియా కోసం కన్నీళ్లు పెట్టుకున్న యూరప్ నాయకుల్లో ఎంతమంది కొర్డోబా గురించి నోరు తెరిచారు?

గ్రీస్ సంగతీ అంతే. ఆటమన్లు వెళ్లిపోయాక ఏథెన్స్‌లో ముస్లింలకు ఒక అధికారిక మసీదు కట్టడానికి 2020 నవంబరు దాకా పట్టింది. అన్నాళ్లూ వాళ్లు నేలమాళిగల్లో, అద్దె గదుల్లో ప్రార్థన చేసుకున్నారు. ఇస్తాంబుల్ గురించి గ్రీస్ చెప్పేది తప్పని మేము అనడం లేదు, అది నిజమే. కానీ ఆ నిజం బలం కోల్పోయింది ఈ ఆలస్యం వల్లనే. ఎర్డొగాన్ అనుచరులకు కావలసిన ఆయుధాన్ని ఎదుటివాళ్లే అందిస్తున్నారు.

మన దేశం విషయం దాటేస్తే ఈ సంపాదకీయం కూడా ఆ తానులో ముక్కే అవుతుంది. ప్రార్థనాస్థలాలు 1947 ఆగస్టు 15న ఏ మతానివిగా ఉన్నాయో అలాగే ఉండాలని 1991లో పార్లమెంటు చట్టం చేసింది, అయోధ్యను మాత్రం మినహాయించింది. మరుసటి ఏడాది డిసెంబరు 6న అక్కడ ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. మసీదు కూల్చివేత చట్టబద్ధ పాలనకు తీవ్రమైన ఉల్లంఘన అని 2019 తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది, స్థలాన్ని మాత్రం ఆలయానికి ఇచ్చింది. ఇప్పుడు ఆ 1991 చట్టాన్నే కొట్టేయాలని పిటిషన్లున్నాయి. ఫలానా తేదీ దగ్గర గీత గీద్దాం, అంతకు వెనక్కి వెళ్లొద్దు అనడంలోని వివేకం ఏమిటో ఇస్తాంబుల్ చూస్తే అర్థమవుతుంది. అక్కడ 1934లో హగియా సోఫియాను, 1945లో ఖోరాను మ్యూజియంలు చేసి గీసింది అలాంటి గీతలే. చెరిపేయడానికి ఒక తీర్పు, ఒక సంతకం సరిపోయాయి. ఖోరా వార్త చదివి కోపం తెచ్చుకుంటూ ఇక్కడి గీతను చెరిపేయాలని కోరేవాళ్లు ఏదో ఒక వైపు నిలబడాలి, రెండువైపులా కుదరదు.

పోనీ, వేరే దారే లేదా? డమాస్కస్ ఉమయ్యద్ మసీదు ఉన్న చోట ఒకప్పుడు జూపిటర్ గుడి, తర్వాత సెయింట్ జాన్ చర్చి ఉండేవి. ఎనిమిదో శతాబ్దం మొదట్లో మసీదు లేచింది. ఆ మార్పూ అధికార బలంతో జరిగిందే, దానికి రంగు పూయనక్కర్లేదు. కానీ బాప్తిస్మమిచ్చే యోహాను సమాధి మందిరం ఇప్పటికీ ఆ మసీదు లోపలే ఉంది. ముస్లింలు ఆయన్ను యహ్యా ప్రవక్తగా గౌరవిస్తారు. 2001 మే నెలలో పోప్ రెండో జాన్ పాల్ ఆ మందిరం దగ్గర నిలబడ్డారు. మసీదులో అడుగుపెట్టిన మొదటి పోప్ ఆయనే. దానికి రెండు నెలల ముందే అఫ్గానిస్థాన్‌లోని బామియాన్‌లో 55 మీటర్ల బుద్ధుణ్ని తాలిబాన్లు పేల్చేశారు. హిందూకుష్ కనుమల్లో వర్తకుల బాట మీద ఆరు, ఏడు శతాబ్దాల ప్రాంతంలో చెక్కిన విగ్రహం అది. పోప్‌ను రానిచ్చిందీ, బుద్ధుణ్ని పేల్చిందీ ఒకే మతం పేరు చెప్పుకునేవాళ్లే. ఏ మతానికైనా రెండు దారులూ తెరిచే ఉంటాయి, ఎంచుకునేది అధికారంలో ఉన్నవాళ్లు.

తుర్కియే ఎంచుకున్నది ఏమిటో కనిపిస్తూనే ఉంది. ఇక యునెస్కో. ఇస్తాంబుల్ చారిత్రక ప్రాంతాలను 1985లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన సంస్థ అది. హగియా సోఫియా, ఖోరా మార్పులపై 2021లో ‘తీవ్ర ఆందోళన’ తెలిపి నివేదిక అడిగింది. మూడేళ్ల తర్వాత ఖోరాలో నమాజు మొదలైంది. ఆ ఆందోళన తీవ్రత ఎంతో అంకారాకు బాగా అర్థమైనట్టుంది. ఇప్పుడైనా ఆ సంస్థ ఇంకో ప్రకటన రాసుకుంటూ కూర్చోకుండా నిపుణుల్ని పంపాలి. తెరల వెనక మొజాయిక్‌లు ఎలా ఉన్నాయో, జనం పెరిగాక తేమకు కుడ్యచిత్రాలు ఏమవుతున్నాయో లెక్క తీసి ప్రపంచం ముందు పెట్టాలి. కొర్డోబా యాజమాన్యం గురించి కూడా అదే గొంతుతో అడగాలి. ఆ ధైర్యం లేకపోతే జాబితాలో పేర్లు చేర్చే పని ఆపేయండి.